నాడె చప్పుడు, నాయనమ్మ చెవి: ఒక ఎలక్ట్రోఅకూస్టిక్ విద్యార్థి కేస్ స్టడీ

ఇంగ్లండ్‌లో ఒక యూనివర్సిటీలో ఎలక్ట్రోఅకూస్టిక్ కంపోజిషన్, సోనిక్ ఆర్ట్ చెబుతాను. మాస్టర్స్ విద్యార్థులతో విడివిడిగా కూర్చుని, వాళ్లు చేసుకొచ్చిన పని వినడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక విద్యార్థి గురించి. అతనూ, వాళ్ల నాయనమ్మగారూ సరేనన్నాకే రాస్తున్నాను. ఊరు, సంవత్సరం, యూనివర్సిటీ, అతని రచన పేరు చెప్పను.

ఈ కేసు రాసిపెట్టడానికి కారణం నేనిచ్చిన ఒక సలహా. మా రంగంలో అందరూ ఇచ్చే సలహాయే అది. ఈ విద్యార్థి విషయంలో తప్పింది. ఎందుకు తప్పిందో నాకు అర్థమవడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. అర్థం చేయించింది కూడా నేను కాదు, మా డిపార్ట్‌మెంట్ కాదు, ఎనిమిది వేల కిలోమీటర్ల అవతల మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే ఒక పెద్దావిడ.

నేపథ్యం

ముందు ఈ చదువేంటో రెండు మాటలు. ఎలక్ట్రానిక్ మ్యూజిక్ అనగానే మనవాళ్లకు డీజే గుర్తొస్తాడు. ఇది అది కాదు. 1948లో పారిస్ రేడియోలో పనిచేసే పియెర్ షెఫేర్ అనే ఇంజనీరు బాటిన్యోల్ స్టేషన్‌కు వెళ్లి రైలింజన్లు, కూతలు, పట్టాల మీద చక్రాల మోత రికార్డు చేసి, వాటినే కూర్చి ఒక చిన్న రచన చేశాడు. ఆ ఏడాది అక్టోబర్ 5న రేడియోలో వచ్చింది. వాయిద్యం లేదు, స్వరాలు రాసుకున్న కాగితం లేదు. రికార్డయిన శబ్దమే ముడిసరుకు. వేదిక మీద మనుషులుండరు, స్పీకర్లే ఉంటాయి. వినేవాళ్లకు శబ్దం ఎక్కడి నుంచి పుట్టిందో కనపడదు. దీన్ని అకూస్మాటిక్ అంటారు. బ్రిటన్‌లో ఈ చదువుకు గట్టి సంప్రదాయమే ఉంది. బర్మింగ్‌హామ్‌లో 1982 నుంచి స్పీకర్ల ఆర్కెస్ట్రా నడుస్తోంది. బెల్‌ఫాస్ట్‌లో 2004లో తెరిచిన సోనిక్ ల్యాబ్‌లో జాలీ నేల కింద కూడా స్పీకర్లుంటాయి.

మనదేశానికి ఇదంతా పరాయిదని ఈ అబ్బాయి అనుకుంటూ వచ్చాడు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ)లో 1969లోనే మూగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టారని, అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి దాన్ని నిలబెట్టాడని, అక్కడ మనవాళ్లు చేసిన టేపులు దశాబ్దాల తర్వాత మళ్లీ బయటపడ్డాయని మొదటి వారంలోనే చెప్పాను. ఆ సాయంత్రమంతా కూర్చుని విన్నాడట. మర్నాడు ముఖంలో కాస్త ధైర్యం కనిపించింది.

అతను ఈసీఈలో బీటెక్. ఎనిమిదేళ్లు మృదంగం నేర్చుకున్నాడు. హైదరాబాద్‌లో రెండేళ్లు సినిమాల పోస్ట్ ప్రొడక్షన్‌లో సౌండ్ ఎడిటర్‌గా చేశాడు. ఎడిటింగ్‌లో చెయ్యి చాలా వేగం. లోన్ తీసుకుని వచ్చాడు, దాని టెన్షన్ ఎప్పుడూ వెనకాలే ఉండేది. క్లాసులో అందరూ నన్ను పేరు పెట్టి పిలుస్తారు, ఇక్కడ అంతే. అతని నోట మాత్రం చివరిదాకా ‘మేడమ్’ తప్ప రాలేదు. మా మాటలు ఇంగ్లిష్‌లో మొదలై, ఎక్కడైనా ఇరుక్కుంటే తెలుగులోకి వచ్చేవి. ఈ చిన్న విషయం తర్వాత పనికొచ్చింది.

సమస్య

చివరి ప్రాజెక్టుకు ఎనిమిది నుంచి పది నిమిషాల రచన చేయాలి. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు నాయనమ్మ మగ్గం చప్పుడు రికార్డు చేసుకొచ్చాడు. ఆ వీధిలో ఇంకా ఆడుతున్న మగ్గాలు రెండో మూడో. దీని మీదే చేస్తానన్నాడు. విషయం మంచిది, మనసు పెట్టిన విషయం. నేను వెంటనే సరేనన్నాను.

మొదటి డ్రాఫ్ట్ ఆదితాళంలో ఉంది. మగ్గం దెబ్బల్ని ఒక్కొక్కటిగా కత్తిరించి, ఎనిమిదక్షరాల గడిలో పేర్చాడు. పైన సన్నగా ఒక శ్రుతి. “నాయనమ్మ ఆదితాళంలో నేస్తారా?” అని అడిగాను. “కాదు మేడమ్, ఇలా చేస్తే సంగీతంలా ఉంటుందని” అన్నాడు. ఆ మాటలోనే అసలు సంగతి ఉంది. శబ్దం దానంతటది నిలబడుతుందన్న నమ్మకం అతనికింకా కుదరలేదు. తాళం తీసేయమన్నాను.

రెండో డ్రాఫ్ట్ పదకొండు నిమిషాలు. ఈసారి దేన్నీ ముట్టుకోలేదు. తెల్లవారుజామున కోడి, బావి దగ్గర బకెట్, మగ్గం, కుక్కర్ విజిల్, మళ్లీ మగ్గం, చివర్లో మగ్గం ఆగిపోవడం. లైట్లార్పి క్లాసులో వినిపించాం. అయిపోయాక మొదట వచ్చిన ప్రశ్న: “ఇది ఏ రైలు?” ఇంకొకరు పాత వాషింగ్ మెషిన్ అనుకున్నారు. ఇంకొకరు ప్రింటింగ్ ప్రెస్ అన్నారు. అతను ఏమీ మాట్లాడలేదు. మెట్లు దిగుతుంటే అన్నాడు: “మగ్గం చూడని వాళ్లకు మగ్గం ఎలా వినిపిస్తుంది మేడమ్?”

సరైన ప్రశ్న. శబ్దం వినగానే దాన్ని పుట్టించిన వస్తువుకు ముడిపెట్టడం మనిషి చెవికున్న అలవాటు. మా రంగంలో రచయిత, సిద్ధాంతకర్త అయిన డెనిస్ స్మాలీ దీనికి ఒక పేరు కూడా పెట్టాడు, తెలుగులో మూలబంధం అనుకోవచ్చు. అసలు మూలం తెలియకపోతే చెవి ఊరుకోదు, తనకు తెలిసినవాటిలో దగ్గరదాన్ని పట్టుకుంటుంది. ఇంగ్లండ్‌లో పుట్టిన కుర్రాడికి టకటకా లయగా కొట్టుకునే వస్తువుల్లో దగ్గరది రైలు. మా రంగం రైలుతోనే మొదలైంది కాబట్టి, మా విద్యార్థులకు రైలు మరీ త్వరగా తడుతుంది.

ప్రయత్నించినవి, తప్పినవి

నాకు రెండు దారులు కనిపించాయి. మూలం ఏంటో వినేవాళ్లకు చెప్పేయడం ఒకటి, మూలాన్ని పూర్తిగా చెరిపేయడం ఇంకొకటి. నేను రెండోది ఎంచుకున్నాను. నా ఆలోచన ఇదీ: చెప్పేస్తే రచన ఆ చెప్పిన కాగితం మీద ఆధారపడిపోతుంది. పైగా ఇతను రెండేళ్లు సినిమా సౌండ్ చేసినవాడు. తలుపు చప్పుడంటే తలుపు, అడుగుల చప్పుడంటే మనిషి. శబ్దాన్ని శబ్దంగా వినే అలవాటు ఇతనికి అత్యవసరం అనుకున్నాను.

అందుకని షెఫేర్ చెప్పిన సాధన ఇచ్చాను. గ్రామఫోన్ రికార్డులో ఒకే గాడిలో ముల్లు తిరిగేలా చేసి, అదే ముక్క మళ్లీమళ్లీ వింటే కాసేపటికి అది దేని చప్పుడో అన్న ధ్యాస పోతుందని ఆయన గమనించాడు. గంట రికార్డింగ్‌లోంచి కొట్టిన క్షణాన్ని కోసేస్తే మిగిలింది గంటలా వినపడదు. ఈ అనుభవాల మీదే ఆయన తగ్గించి వినడం అనే పద్ధతిని కట్టాడు. కారణాన్ని పక్కనపెట్టి, శబ్దం ఆకారాన్ని మాత్రమే వినడమన్నమాట. 1966లో ఆయన రాసిన పెద్ద గ్రంథం నుంచి ఇప్పటిదాకా మా చదువుకు ఇది పునాదిరాయి.

అతను శ్రద్ధగా చేశాడు. నాలుగు వారాలు. నాడె, అంటే మగ్గంలో పేక పోగును మోసుకుని అటూ ఇటూ ఎగిరే పనిముట్టు, దాని చప్పుళ్లకు మొదళ్లు కోశాడు, సాగదీశాడు, గింజలు గింజలుగా విడగొట్టాడు. నలభై దాకా శబ్ద వస్తువులు, అంటే విడి ముక్కల్లా వాడుకోగల శబ్దాలు, తయారయ్యాయి. వాటితో తొమ్మిది నిమిషాల రచన వచ్చింది. శుభ్రంగా ఉంది. విన్న ఒక సహోద్యోగి బాగా మెచ్చుకున్నారు. నేనూ తృప్తిపడ్డాను.

మరుసటి వారం అతను వచ్చి, ఏమీ చెప్పకుండా రెండు ముక్కలు వినిపించాడు, ఒక్కొక్కటి నిమిషం. “ఇందులో మగ్గం ఏది మేడమ్?” అన్నాడు. రెండుసార్లు విన్నాను. చెప్పలేకపోయాను. ఒకటి మగ్గం నుంచి వచ్చింది. ఇంకొకటి హాస్టల్ వంటగదిలో స్టీలు గిన్నె మీద చెంచాతో కొట్టి, అదే ప్రాసెస్ గుండా పంపింది. “చెంచా, గిన్నె చాలు దీనికి. నాయనమ్మ అక్కర్లేదు” అన్నాడు.

ఆ రోజు నేను ఇంటికెళ్తూ చాలాసేపు ఆలోచించాను. సాధన తప్పు కాదు. అది చెవికి వ్యాయామం. నేను చేసిన తప్పు, వ్యాయామాన్నే రచనా పద్ధతిగా చేసేయడం. ఏ మూలానికైనా ఒకే ఫలితం వస్తుంటే ఆ మూలాన్ని ఎంచుకోవడంలో అర్థం లేదు.

ఇక మొదటి దారి మిగిలింది: చెప్పేయడం. అతను ఒక పేజీ రాశాడు. పడుగు, పేక, నాడె, అందులో నూలు చుట్టి పెట్టే కండె, నాయనమ్మ పెళ్లయి వచ్చిన రోజు, ఖాళీ అవుతున్న వీధి. చదివితే గొంతు పట్టేసింది. కాని అది పని చేస్తుందో లేదో ఊహించే బదులు పరీక్షించాం. లెస్టర్‌లోని డి మాంట్‌ఫోర్ట్ యూనివర్సిటీలో లీ లాండీ, రాబ్ వీల్ అనే పరిశోధకులు రచయిత ఉద్దేశం వినేవాళ్లకు ఎంతవరకు అందుతుందో తెలుసుకోవడానికి ఒక పద్ధతి వాడారు. మొదట ఏమీ చెప్పకుండా వినిపించాలి. రెండోసారి పేరు మాత్రం చెప్పి వినిపించాలి. మూడోసారి రచన వెనకున్న సంగతంతా ఇచ్చి వినిపించాలి. ప్రతిసారీ విన్నవాళ్లు తోచింది రాయాలి. లాండీ అంతకుముందే, 1994లోనే, మామూలు శ్రోతకు పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని వాదించాడు. మా కేసుకు సరిగ్గా సరిపోయే ప్రశ్న అది.

ఏడుగురిని కూర్చోబెట్టాం, సంగీతం చదవనివాళ్లను కూడా. రెండో డ్రాఫ్ట్‌నే కాస్త తగ్గించి వినిపించాం. మొదటిసారి రైలు, వాన, ఫ్యాక్టరీ. మూడోసారి అందరికీ బాగా నచ్చింది. కాగితాలు తీసుకుని చదివాం. దాదాపు ప్రతి కాగితంలోనూ అతను రాసిన వాక్యాలే తిరిగొచ్చాయి. ‘ఒంటరితనం’ అని అతను రాస్తే వాళ్లకు ఒంటరితనం వినిపించింది. వాళ్లు విన్నది కాగితాన్ని. అదే కాగితం రైలు చప్పుడుకు అంటిస్తే కూడా పని చేసేది.

మూడో ప్రయత్నం నాయనమ్మ గొంతు కలపడం. నేస్తూ ఆవిడ మాట్లాడిన మాటలు కొన్ని రికార్డింగ్‌లో ఉన్నాయి. ఇక్కడ నాకు మొదటినుంచీ అనుమానమే. తెలుగు రానివాళ్లకు ఆ గొంతు ఎక్కడో దూరదేశపు ముసలావిడగా వినపడుతుంది, అంతే. తెలుగు వచ్చినవాళ్లకు మాటల అర్థం తప్ప ఇంకేమీ వినపడదు. నేనే ఉదాహరణ. “ఉప్మాలో ఉప్పు వేశావా” అన్న మాట దగ్గర నా చెవి అతుక్కుపోయి, ఆ తర్వాతి అరనిమిషం మగ్గం నాకు వినపడనేలేదు. అయినా అడ్డం చెప్పలేదు. గొంతు వాడాలంటే ఎథిక్స్ ఫారం నింపాలి, ఆవిడ అనుమతి తీసుకోవాలి. తీసుకో అన్నాను.

మలుపు

ఆ అనుమతి కోసం ఆదివారం వీడియో కాల్ చేశాడు. ఏ రికార్డింగ్ వాడుతున్నాడో ఆవిడకు తెలియాలి కదా. నాలుగు నిమిషాల క్లిప్ వాట్సాప్‌లో పంపి, చెల్లెలి ఫోన్‌లో వినిపించమన్నాడు. తను ఇంకో ఫోన్‌లో చూస్తున్నాడు. ఆవిడ మొదట, “నా మగ్గం చప్పుడు అక్కడ ఎవరు వింటార్రా నాన్నా?” అని నవ్వారట. విన్నారు. మూడో నిమిషం దాటాక చెయ్యెత్తి ఆపమన్నారట.

“కండె అయిపోవచ్చింది కదరా, ఇంకా కొడుతూనే ఉన్నానేంటి?”

“నీకెలా తెలుసు నాయనమ్మా?”

“లొడలొడమనట్లేదూ?”

సోమవారం పొద్దున అపాయింట్‌మెంట్ లేకుండా నా గది తలుపు తట్టాడు. ఆ నాలుగు నిమిషాలు నా పెద్ద స్పీకర్లలో వినిపించాడు. నాకేమీ తేడా తెలియలేదు. నేను ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. వినపడలేదు. అప్పుడు అతను ఒక ఫిల్టర్ పెట్టి కింది శబ్దాన్నంతా కోసేశాడు, ఫోన్ స్పీకర్‌లా. మళ్లీ వినిపించాడు. వినపడింది.

దీన్ని దగ్గర నుంచి చెప్పాలి. నేతలో రెండు చప్పుళ్లున్నాయి. పలక వచ్చి పోగును దగ్గరకు కొట్టే దెబ్బ ఒకటి, లోతుగా, ‘దడ్’ అని. నాడె ఎగిరి వెళ్లి అటు పెట్టెకు తగిలే చప్పుడు ఇంకొకటి, పైన, పొడిగా, ‘టక్’ అని. నాడె కడుపులో నూలు చుట్టిన కండె ఉంటుంది. కండె నిండుగా ఉన్నప్పుడు నాడె బరువుగా ఉంటుంది, నూలు మెత్తగా అదిమిపట్టి చప్పుడును మింగేస్తుంది. నేసేకొద్దీ నూలు కరిగిపోతుంది. నాడె తేలికవుతుంది, ఖాళీ కండె లోపల కదులుతుంది. ‘టక్’ కాస్తా ‘టళక్’ అవుతుంది, చివరికి ‘లొడక్’ అవుతుంది. ఆ మార్పంతా పై స్థాయిలోనే. స్టూడియో స్పీకర్లలో కింది ‘దడ్’ అంత బలంగా ఉండేసరికి మా చెవులు దానికే కట్టుబడిపోయాయి. ఫోన్ స్పీకర్‌కు ఆ ‘దడ్’ను పలికే శక్తి లేదు కాబట్టి, నాడె ఒక్కటే మిగిలి బయటపడింది. స్పెక్ట్రోగ్రామ్, అంటే శబ్దంలోని పై, కింది స్థాయిలను చూపే బొమ్మ, తీసి చూస్తే దెబ్బ దెబ్బకూ పైభాగం కొద్దికొద్దిగా వెలుగెక్కడం కంటికి కూడా కనిపించింది.

కాని అసలు సంగతి స్పెక్ట్రోగ్రామ్ కాదు. మా చదువులో వినడాన్ని రకాలుగా విడగొడతాం. ఫ్రెంచ్ రచయిత, సిద్ధాంతకర్త మిషెల్ షియాన్ మూడు చెప్పాడు: కారణం కోసం వినడం, అర్థం కోసం వినడం, షెఫేర్ తగ్గించి వినడం. కారణం కోసం వినడాన్ని అందరూ చేసేదిగా, దాటి రావాల్సిన మొదటి మెట్టుగా క్లాసుల్లో చెప్పేస్తుంటాం. నేనూ అలాగే చెప్పాను. నాయనమ్మ చేసింది కారణం కోసం వినడమే. కాని ఆవిడ ‘ఇదేంటి?’ అని వినడంలేదు. మగ్గమని ఆవిడకు తెలుసు. ‘ఇప్పుడెలా ఉంది?’ అని వింటున్నారు. పొయ్యికి వీపు తిప్పి కూర తరుగుతున్న మనిషి, తాలింపులో ఆవాల చిటపట నెమ్మదించగానే చెయ్యి చాచి కరివేపాకు వేసినట్టు. అలాంటి చెవి ఏళ్ల తరబడి పని చేస్తే వస్తుంది. అందులో తగ్గించి వినడానికి ఉన్నంత సూక్ష్మత ఉంది, చేతితో ముడిపడి కూడా ఉంది.

పనిచేసింది

అప్పుడు ప్రశ్న మారింది. ‘ఇది మగ్గమని శ్రోతకు ఎలా చెప్పాలి’ అన్నది వదిలేశాం. ‘నాయనమ్మ వినేది శ్రోత చేత ఎలా వినిపించాలి’ అన్నది పట్టుకున్నాం. మగ్గమని తెలియకపోయినా ఫర్వాలేదు, ఏదో తరిగిపోతోందని చెవికి తెలియాలి. ఆ సంగతి ఏ కాగితమూ లేకుండా రచనే నేర్పాలి.

రచనకు ఆకారం దానంతటదే వచ్చింది: ఒక కండె. నిండుగా మొదలై ఖాళీ అయ్యేదాకా.

ముందు రికార్డింగ్ మళ్లీ చేయాల్సి వచ్చింది. పాతదాంట్లో రికార్డర్ ఆటో లెవెల్‌లో ఉండిపోయింది. ప్రతి ‘దడ్’కూ యంత్రం భయపడి లెవెల్ తగ్గించేది, దాని నీడలో నాడె చప్పుడు నలిగిపోయేది. కండె మార్చే విరామంలోనైతే ఫ్యాన్ హోరు అమాంతం పైకి లేచేది. రెండేళ్లు ఇదే పని చేసినవాడు అంత పొరపాటు ఎలా చేశాడని అడిగాను. “ఇంట్లో కదా మేడమ్, ఊరికే జ్ఞాపకానికి అనుకుని నొక్కాను” అన్నాడు. చెల్లెలికి ఫోన్‌లో ఒక్కో మెట్టూ చెప్పి చేయించాడు. లెవెల్ చేత్తో పెట్టడం, అతిపెద్ద దెబ్బకు కూడా మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూడడం, రికార్డర్‌ను నాయనమ్మ ఎడమచెవి ఎత్తులో స్టూలు మీద మడతపెట్టిన దుప్పటిపై ఉంచడం. కరెంటు పోయిన వేళ చూసి చేశారు. ఫ్యాన్ లేదు, ఫ్రిజ్ లేదు. వరసగా మూడు కండెలు, ఆపకుండా. ఆ ఉక్కలో ఆవిడ చెమటలు కారుతూ నేశారని విని నాకు చాలా బాధనిపించింది, గౌరవం కూడా కలిగింది.

కూర్పులో కొన్ని నిర్ణయాలు రాస్తాను, వాటి కారణాలతో సహా.

కింది ‘దడ్’ను మొదటి నుంచి చివరిదాకా ముట్టుకోలేదు. ఒకటి మారుతోందని తెలియాలంటే పక్కన మారనిది ఒకటుండాలి. కాకపోతే దాని బలం తగ్గించాడు. నాడెను మింగేయకుండా, అలాగని ఆ దెబ్బ ఒంటికి తెలియకుండా పోనంతగా. ఈ ఒక్క బ్యాలెన్స్‌కే వారం పట్టింది.

మొదటి మూడు నిమిషాల్లో ఏ ప్రాసెసింగూ లేదు. ఇక్కడ నాకు భయమేసింది. మూడు నిమిషాలు ఒకటే చప్పుడంటే శ్రోత విసుక్కుంటాడని, రెండు నిమిషాలకు కుదించమన్నాను. కుదించి వినిపించాడు. మార్పు వచ్చినప్పుడు అది మార్పుగా అనిపించలేదు, ఎందుకంటే అలవాటు ఇంకా పడలేదు. మళ్లీ మూడుకే పెంచాం. అలవాటు పడ్డాకే చెవికి తేడా పట్టుబడుతుంది. అతను గెలిచాడు, సంతోషంగా ఒప్పుకున్నాను.

నాలుగో నిమిషం నుంచి ప్రాసెసింగ్ వస్తుంది, ఒక షరతు మీద: శబ్దం తనంతట తాను ఎటు పోతోందో అటే తోయాలి. నాడె చప్పుడు పైకి వెలుగెక్కుతోంది కాబట్టి రెసొనేటర్లు, అంటే కొన్ని స్థాయిలను మోగించే ఫిల్టర్లు, ఆ వెలుగునే పెంచుతాయి. లొడలొడ పెరిగి పెరిగి, ఆరో నిమిషానికి హాలంతా సన్నటి లోహపు రజను పరుచుకున్నట్టవుతుంది. ఇక్కడ పాత తొమ్మిది నిమిషాల రచనలోని నలభై వస్తువుల్లో ఆరు అక్కరకొచ్చాయి. ఇప్పుడు వాటికొక దిక్కుంది. గిన్నె, చెంచా వాటి స్థానంలో పనికిరావు.

పేర్లు పెట్టడంలో తెలుగు ఆదుకుంది. ఇంగ్లిష్‌లో టెక్స్‌చర్, జెస్చర్ అంటూ మాట్లాడుకున్నప్పుడు ఇద్దరం వేరువేరు వాటిని ఊహించుకునేవాళ్లం. ‘టక్’, ‘టళక్’, ‘లొడక్’, ‘గలగల’, ‘కిర్రు’ అనుకున్నాక పొరపాటు తగ్గింది. నిజానికి అతనికిది చిన్నప్పటి విద్యే. మృదంగంలో మొదటి పాఠం త, ధి, తొం, నం. ఏ అక్షరానికి ఏ నాదమో నోటితో పలికాకే చేతికొస్తుంది. సెషన్‌లో ట్రాకులకు తెలుగులోనే పేర్లు పెట్టుకున్నాడు. మా టెక్నీషియన్ కూడా చివరికి ‘లొడక్’ బాగానే పలికేవాడు.

గొంతు తీసేశాడు. కండె మార్చే చోట ఆరేడు సెకన్ల నిశ్శబ్దం ఉంది. కొత్త రికార్డింగ్ శుభ్రంగా ఉండడంతో అందులో అంతకుముందు వినపడనివి వినపడ్డాయి. ఖాళీ కండె పక్కన పెట్టడం, కొత్తది బిగించడం, పోగును నాడె కంటిలోంచి నోటితో పీల్చి లాగిన చిన్న ఊపిరి చప్పుడు. ఆ ఊపిరి విన్నాక ఇక మాటలు అక్కర్లేదని ఇద్దరికీ ఒకేసారి అనిపించింది. ఆ తర్వాత నిండు నాడె ఒకే ఒక్కసారి ‘టక్’ అంటుంది. అక్కడితో అయిపోతుంది.

చివరి చిక్కు హాలులో వచ్చింది. ఇరవై నాలుగు స్పీకర్ల మధ్య నాడెను ఈ గోడ నుంచి ఆ గోడకు ఎగరేశాడు. స్టూడియోలో భలే ఉన్నది, హాలులో ఒక పక్కన కూర్చున్నవాళ్లకు సగమే వినపడింది, మిగతావాళ్లకు టెన్నిస్ మ్యాచ్ చూస్తున్నట్టయింది. మగ్గం దగ్గర ఎలా ఉంటుందో అడిగాను. “నాడె పెద్ద దూరమేం పోదు మేడమ్, చేతికందేంతలోనే. పలకే, గుండె మీదికి వచ్చినట్టుంటుంది” అన్నాడు. అలాగే పెట్టాం. నాడె కదలిక ముందున్న ఇరుకైన మేరలోనే, శ్రోతలకు దగ్గరి స్పీకర్లలో. ‘దడ్’ మాత్రం ముందు నుంచి మీదికి. అప్పుడు హాలంతా మగ్గం గుంటంత చిన్నదైంది.

ఫలితం

కొత్తగా ఏడుగురిని పిలిచి, మూడు విడతల వినికిడి మళ్లీ చేశాం. మొదటి విడతలో మగ్గమని ఒక్కరూ అనలేదు. ఇద్దరు ఇప్పటికీ రైలే అన్నారు. కాని ఎక్కడ ఏమనిపించిందో గుర్తు పెట్టమంటే, ఒకరు తప్ప అందరూ నాలుగు, ఐదు నిమిషాల మధ్యలోనే గీత పెట్టారు. వదులవుతోంది, అరిగిపోతోంది, ఖాళీ అవుతోంది. ఇలాంటి మాటలే రాశారు. సంగీతంతో ఏ సంబంధమూ లేని ఒకావిడ రాసింది నా దగ్గర దాచుకున్నాను: ‘ఎవరో ఒకరు లేచి ఏదో చేయాలనిపించింది.’ మూడో విడతలో విషయం చెప్పినప్పుడు వాళ్లు కాగితంలో వాక్యాలు తిరగరాయలేదు. “ఓ, అదా అది!” అన్నారు. అప్పటికే విన్నదానికి పేరు దొరికింది.

మార్కులు బాగానే వచ్చాయి. రచన నాయనమ్మకు హెడ్‌ఫోన్స్ పెట్టి చెల్లెలు వినిపించింది. ఆరో నిమిషం రజను గురించి ఆవిడ, “ఇదేంటో గోలగా ఉంది” అన్నారట. కండె మారాక, “ఆ, ఇప్పుడు బాగుంది” అన్నారట.

నేను మార్చుకున్నవి

తగ్గించి వినే సాధన ఇప్పటికీ ఇస్తున్నాను, మొదటి టర్మ్‌లోనే, వ్యాయామంగా. దాంతో రచన చేసుకురమ్మని చెప్పడం మానేశాను. ఎవరైనా ప్రాసెసింగ్‌తో తయారైన రచన తెస్తే, అదే ప్రాసెసింగ్ వరసలోంచి పూర్తిగా వేరే వస్తువు చప్పుడును పంపి పక్కపక్కన వినిపించమంటున్నాను. ఈ గిన్నె, చెంచా పరీక్ష అతను నాకిచ్చింది.

వారం చివర్లో అందరూ తమ పనిని ఫోన్ స్పీకర్‌లో ఒకసారి వినాలి. మిక్సింగ్ చేసేవాళ్లు చిన్న స్పీకర్లో వినడం పాత అలవాటే, కాని వాళ్లు వినేది బ్యాలెన్స్ కోసం. మేం వినేది, మంచి స్పీకర్ల బలం వెనక ఏం దాక్కుందో తెలుసుకోవడానికి.

అన్ని శబ్దాలకూ ఇలా ఒక నాయనమ్మ ఉండరు. గాలినీ వాననూ రికార్డు చేసుకొచ్చినవాళ్లతో నేను ఇంకో రకంగా పని చేస్తాను. కాని మనుషుల పని నుంచి పుట్టిన శబ్దమైతే, ఈ ఏడాది నుంచి మొదటి వారం షీట్‌లోనే ఒక ప్రశ్న చేర్చాను: ఈ శబ్దాన్ని వింటూ పని చేసే మనిషి ఎవరు, వాళ్లకు వినిపించావా? ఒకమ్మాయి బేకరీలో పిండి కలిపే మిషన్ రికార్డు చేసుకొచ్చింది. వినిపించలేదంది, వెనక్కి పంపాను. బేకరీ ఆయన రెండు నిమిషాలు విని, పిండి గోడలు వదిలి ముద్దకట్టిన చోటు వేలితో చూపించాడట. ఆ చోటు నుంచే మొదలుపెట్టాం.